అత్తయ్య బీపీ నోటుబుక్కు: పర్లాకిమిడి ఇంటి డైరీ

రథయాత్ర అయిన వారం

ఈ పని ఎందుకు మొదలైందో ముందు రాసేస్తాను. అత్తయ్యకు బీపీ ఉందని తెలిసి చాలా ఏళ్లయింది, రోజూ పొద్దున్నే ఆమ్లోడిపిన్ బిళ్ల వేసుకుంటారు, వేసుకుంటున్నాం కదా అని మేమెవరం మళ్లీ దాని సంగతి పట్టించుకునేవాళ్లం కాదు. మొన్న మోకాలి నొప్పికని ఒక క్లినిక్‌కి తీసుకెళ్తే, మెట్లెక్కి ఆయాసంతో కుర్చీలో కూలబడిన వెంటనే చేతికి బీపీ మిషను పట్టీ కట్టేశారు. 168/96. ఆ అంకె చుట్టూ ఎర్ర ఇంకుతో గుండ్రం చుట్టి చీటీ చేతిలో పెట్టారు. అదే సాయంత్రం మా వీధి చివర మందుల షాపులో చూపిస్తే 142/84. రెండు రోజుల తర్వాత పాతపట్నంలో ఆడపడుచు గారింటికి వెళ్లినప్పుడు వాళ్ల మిషనులో 157/90. అత్తయ్య మూడు చీటీలూ నా ముందు పెట్టి, "ఓలమ్మా, ఇందులో నాది ఏది?" అని అడిగారు.

నాకు ఆ ప్రశ్న చాలా సరైనదనిపించింది. మా డాక్టరు గారి దగ్గరికి ఆ చీటీలతోనే వెళ్లాం. ఆయన మందు మార్చలేదు, పెంచలేదు. ఇంట్లో ఒక వారం పద్ధతిగా చూసి రాసుకుని రండి, అప్పుడు మాట్లాడదాం అన్నారు. కొందరికి ఆసుపత్రి వాసన తగలగానే బీపీ పెరుగుతుందట, ఇంట్లో మామూలుగా ఉంటుందట. దీనికి తిరగేసిన రకం కూడా ఉంది, ఆసుపత్రిలో బాగానే కనబడి ఇంట్లో ఎక్కువగా ఉండేవాళ్లు, వాళ్లే ఎక్కువ ప్రమాదంలో ఉంటారు, ఎందుకంటే ఎవరికీ అనుమానం రాదు. ఇంట్లో చూస్తే తప్ప రెండు రకాలూ బయటపడవు.

మిషను, పట్టీ

కొనేముందు దర్జీ టేపుతో అత్తయ్య చెయ్యి కొలిచాను. భుజం ఎముకకూ మోచేతికీ సరిగ్గా మధ్యన, చెయ్యి వదులుగా వేలాడదీసి. 34 సెంటీమీటర్లు. మిషనుతో పాటు వచ్చే మామూలు పట్టీ మీద 22–32 సెం.మీ. అని ఉంటుంది, అంటే ఆమెకు చాలదు. మా ఊరి షాపుల్లో మామూలు సైజు తప్ప లేదన్నారు. బరంపురంలో చదువుకుంటున్న మా తమ్ముడితో 22–42 పట్టీ ఉన్న మిషను తెప్పించాను. మణికట్టుకి కట్టే రకం చవకే కానీ వద్దనుకున్నాను, చెయ్యి ఎత్తులో కొంచెం తేడా వచ్చినా అది తప్పు చూపిస్తుంది.

పట్టీ సైజు గురించి ఇంతగా ఎందుకు పట్టుబట్టానంటే, చిన్న పట్టీ లావుపాటి చెయ్యిని సరిగ్గా నొక్కలేదు, అందుకని మిషను ఇంకా ఎక్కువ గాలి కొట్టాల్సి వస్తుంది, అంకె కూడా ఎక్కువ చూపిస్తుంది. పెద్ద పట్టీ కావలసిన మనిషికి మామూలుది కడితే పై బీపీ (రెండు అంకెల్లో మొదటిది) సగటున 5 దాకా పెరిగి కనిపిస్తుంది, మరీ లావు చేతులకైతే 20 దగ్గరకు పోతుంది. ఆ తేడాతోనే ఒక మనిషి లేని జబ్బుకి బిళ్ల మొదలుపెట్టొచ్చు. బీపీ మిషను కొనే ప్రతివాళ్లూ ముందు టేపు తీసుకోవాలని నేను గట్టిగా చెప్తాను, పది రూపాయల టేపు చాలు.

మిషను లోపల ఏం జరుగుతుందో కూడా తెలుసుకున్నాను, అది తెలిశాకే మిగతా నియమాలన్నీ నాకు అర్థమయ్యాయి. 1896లో ఇటలీ డాక్టరు రివా రోచ్చి చేతికి గాలి పట్టీ కట్టి పాదరసం గొట్టంతో కొలిచే పద్ధతి తెచ్చారు, దానితో పై బీపీ మాత్రమే తెలిసేది. 1905లో రష్యా సర్జన్ కొరోత్కోవ్ స్టెతస్కోపు పెట్టి విన్నారు. గాలి వదులుతుంటే నాడి చప్పుడు మొదలయ్యే చోట పైది, చప్పుడు ఆగిపోయే చోట కిందిది. డాక్టర్లు నేటికీ చెవితో వినేది అదే. మన ఇంటి మిషను వినదు. నాడి కొట్టినప్పుడల్లా పట్టీ లోపలి గాలిలో వచ్చే చిన్న కదలికను పట్టుకుంటుంది. ఆ కదలిక అన్నిటికంటే పెద్దగా ఉన్నచోట సగటు ఒత్తిడి అని తీసుకుని, దాని నుంచి పైదీ కిందిదీ లెక్కగడుతుంది. ఆ లెక్క ఒక్కో కంపెనీది ఒక్కో రకం. అందుకే చెయ్యి కదిపినా, మాట్లాడినా, వేళ్లు బిగించినా లెక్క చెదిరిపోతుంది. అందుకే ఆడపడుచు గారి మిషనూ మా మిషనూ అచ్చంగా ఒకే అంకె చూపించాలని నేనిప్పుడు అనుకోవడం లేదు.

కూర్చునే చోటు

దీనికి నేను అనుకున్నదానికంటే ఎక్కువ సమయం పట్టింది. వీపు ఆనాలి, పాదాలు నేలకు పూర్తిగా తగలాలి, కాలు మీద కాలు వేసుకోకూడదు, చెయ్యి ఒక బల్ల మీద గుండె ఎత్తులో ఆనించి ఉండాలి. అత్తయ్య పొట్టి మనిషి, ప్లాస్టిక్ కుర్చీలో వెనక్కి ఆనుకుంటే పాదాలు గాలిలో ఉంటాయి. పూజ పీట తేవద్దన్నారు, వంటింట్లో పీట తెచ్చి కాళ్ల కింద పెట్టాం. చెయ్యికి కుట్టుమిషను బల్ల, దాని మీద మడతపెట్టిన దుప్పటి. పట్టీ మధ్యభాగం ఆమె గుండెకు ఎదురుగా వచ్చేదాకా దుప్పటి మడతలు పెంచాను. చెయ్యి గుండెకంటే 10 సెంటీమీటర్లు కిందికి ఉంటే రీడింగ్ 7, 8 ఎక్కువ వస్తుంది. ఇది రక్తం బరువు వల్ల వచ్చే తేడా, ఎవరికైనా అంతే.

తర్వాత రవిక. అత్తయ్యవి మోచేతి దాకా ఉండే బిగుతు చేతులు. పైకి మడిస్తే ఆ మడత చెయ్యిని నొక్కేస్తుంది, పైనుంచి పట్టీ కడితే గుడ్డ అడ్డం. రెండూ పనికిరావు. పొట్టి చేతుల పాత రవిక ఒకటి కుట్టుమిషను పక్కనే మేకుకు తగిలించాం, బీపీ చూసే వేళకి అదే. పట్టీ అంచు మోచేతి మడతకు రెండు వేళ్లు పైన ఉండాలి, గొట్టం లోపలివైపు నాడి మీదుగా రావాలి, పట్టీ కింద ఒక వేలు దూరేంత వదులు ఉండాలి.

మొదటిసారి రెండు చేతులకూ చూశాం. కుడి చేతికి కొంచెం ఎక్కువ వచ్చింది, 6 తేడా. ఎక్కువ వచ్చిన చెయ్యినే ఇకమీదట ఎప్పుడూ వాడాలి, అందుకని నోటుబుక్కు అట్ట మీద "కుడి" అని పెద్దగా రాశాను. చూసిన ప్రతిసారీ 10 దాటి తేడా వస్తుంటే మాత్రం డాక్టరుకు చెప్పాలి.

ఏ వేళకి

పొద్దున్న లేచి, ఒంటేలుకు వెళ్లొచ్చాక, టీ తాగకముందు, బిళ్ల వేసుకోకముందు. రాత్రి అన్నానికి ముందు. రెండు పూటలా అయిదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి, తర్వాత రెండుసార్లు చూడాలి, మధ్యలో ఒక నిమిషం. ఏడు రోజులు. మొదటి రోజువి లెక్కలోకి తీసుకోకూడదు, ఆ రోజు మనిషికీ కొత్త, మిషనుకీ కొత్త. మిగిలిన ఆరు రోజుల 24 రీడింగ్‌ల సగటే ఆమె బీపీ. ఈ సగటు 135/85 లోపల ఉండాలి. ఆసుపత్రిలో చూసేదానికి 140/90 గీత, ఇంట్లో చూసేదానికి అయిదు తక్కువ. ఈ తేడా తెలియక ఇంట్లో 138 వస్తే బాగానే ఉందనుకునేవాళ్లు మా వీధిలోనే చాలామంది ఉన్నారు.

బిళ్లకు ముందే ఎందుకు చూడాలని అత్తయ్య అడిగారు. నిన్న పొద్దున వేసుకున్న బిళ్ల ఈ పొద్దున దాకా పనిచేస్తోందా లేదా అన్నది అప్పుడే తెలుస్తుంది కాబట్టి.

అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవడమే ఇంట్లో అన్నిటికంటే కష్టమైపోయింది. ఆమె కూర్చోగానే ఎవరో ఒకరు పాలవాడి లెక్క అడుగుతారు, ఆమె జవాబు చెప్తారు. మాట్లాడుతూ చూసుకుంటే అంకె 10 దాకా పెరగొచ్చు. పట్టీ కట్టి ఉన్నంతసేపు ఆ గదిలోకి ఎవరూ రావద్దని మామయ్య గారే ఇంట్లో అందరికీ చెప్పి పెట్టారు.

మొదటి వారం పేజీ

నోటుబుక్కులో గడులు: తేదీ, పూట, పైది, కిందిది, నాడి, గమనిక. ఫోనులో షీటు కూడా పెట్టాను, సగటు అదే వేసుకుంటుంది. కానీ అత్తయ్య చేతిరాతతో ఉన్న నోటుబుక్కే అసలుది, ఆమె చూసుకునేది అదే. ఒక ముక్క ఇక్కడ ఎక్కిస్తున్నాను.

మంగళ, ఉదయం: 139/82, 136/80, నాడి 72. నిద్ర బాగుంది.
మంగళ, రాత్రి: 137/81, 135/80, నాడి 74. మోకాలి నొప్పి ఎక్కువ, బిళ్ల వేసుకున్నాను.
బుధ, ఉదయం: 151/87, 147/85, నాడి 75. రాత్రి మళ్లీ మోకాలి బిళ్ల.
బుధ, రాత్రి: 149/86, 146/85, నాడి 76. ఎండుచేపల పులుసు.

మిషనులో మెమొరీ ఉంది కదా, రాయడం ఎందుకని మా ఆయన అన్నారు. ఆ మెమొరీలో చివరి గడి లేదు. ఈ పనంతటిలో నాకు అన్నిటికంటే విలువైనది ఆ గమనిక గడే. వారం చివర సగటు 143/83 వచ్చింది. క్లినిక్‌లో రాసిన 168 ఆమెది కాదని తేలింది, కానీ బీపీ అదుపులో లేదని కూడా తేలింది. అంతకంటే ముఖ్యమైన విషయం పేజీని పై నుంచి కిందికి చదివితే కనబడింది. మోకాలి బిళ్ల వేసుకున్న మర్నాడు అంకెలు పైకి వెళ్తున్నాయి.

డాక్టరు గారు ఆ పేజీ చూసి ముందు అంకెలు చదవలేదు, ఏం బిళ్ల అది అని అడిగారు. డైక్లోఫెనాక్. షాపులో అడిగి తెచ్చుకునేదే, చీటీ లేకుండా. ఆ రకం నొప్పి బిళ్లలు ఒంట్లో ఉప్పూ నీళ్లూ నిలిచిపోయేలా చేస్తాయి, బీపీ పెంచుతాయి, కొన్ని బీపీ మందుల పనిని తగ్గిస్తాయి, కిడ్నీలకు దెబ్బ. మాకు కవిటి, సోంపేట వైపు చుట్టాలున్నారు. ఆ ఊళ్లుండే ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను తిన్నదో చూసినవాళ్లం, అక్కడ జబ్బుకు కారణమేమిటో ఇంకా తేలలేదు, అయినా కిడ్నీ మాట వినగానే మా ఇంట్లో అందరి ముఖాలూ మారిపోయాయి. బీపీ కిడ్నీని పాడుచేస్తుంది, పాడైన కిడ్నీ బీపీని పెంచుతుంది. కిడ్నీ ఎలా పనిచేస్తోందో చూసే క్రియాటినిన్ పరీక్ష రాశారు, మామూలుగానే వచ్చింది. నొప్పికి వేరే మందూ, తొడ కండకు వ్యాయామమూ చెప్పారు. బీపీ బిళ్ల అలాగే ఉంచి నెల తర్వాత మళ్లీ ఒక వారం రాసి తెమ్మన్నారు.

ఇదంతా ఒక గడి వల్ల బయటపడింది. ఎప్పటి నుంచి ఆ బిళ్ల వేసుకుంటున్నారో ఆమెకే గుర్తు లేదు.

ఉప్పు లెక్క

తగ్గించాలి అని ఎవరైనా చెప్తారు, ఎంత వాడుతున్నామో ఎవరికీ తెలియదు. నేను చేసింది ఇది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మనిషికి రోజుకు 5 గ్రాముల లోపు అంటుంది, సుమారుగా ఒక టీ చెంచా. అంటే కిలో ప్యాకెట్టు ఒక్క మనిషికి 200 రోజులు, మా నలుగురికి 50 రోజులు రావాలి. కొత్త ప్యాకెట్టు విప్పిన రోజు తేదీ దాని మీదే రాశాను. నెల తిరక్కుండానే అయిపోయింది. ఇందులో బయట కొన్న ఆవకాయ లేదు, ఎండుచేపలు లేవు, కారప్పూస లేదు, అప్పడాలు లేవు.

మా ఇంట్లో ఉప్పు ఎక్కువగా పోతున్నది కూరలో కాదు. ఈ వైపు వేసవంతా చద్దన్నం తింటాం, ఒడియా వాళ్ల పఖాళ, మా చద్దన్నం ఒకే కుండలో ఉంటాయి. అన్నంలో నీళ్లు, ఆ నీళ్లకు ఉప్పు, పక్కన ఉప్పు చేప, ఊరగాయ. వేసవి అయిపోయినా అత్తయ్యకు పొద్దున అదే కావాలి. చద్దన్నం మానమని నేను చెప్పలేదు, చెప్పను కూడా, అది ఆమె చిన్నప్పటి నుంచి తింటున్న తిండి. నీళ్లలో ఉప్పు మానేసి నిమ్మకాయ, పచ్చిమిర్చి, వేయించిన వంకాయ పెట్టుకుంటున్నారు. ఎండుచేపలు వేడినీళ్లలో నానబెట్టి ఆ నీళ్లు పారబోసి వండుతున్నాం, అదీ ఎప్పుడో ఒకసారి. మొదటి రెండు వారాలు మామయ్య గారికి నోటికి ఏదీ రుచించలేదు, తర్వాత అలవాటు పడ్డారు. రెండో ప్యాకెట్టు మొదటిదానికంటే బాగా ఎక్కువ రోజులు వచ్చింది, 50కి ఇంకా చేరలేదు.

షాపుల్లో తక్కువ సోడియం ఉప్పు అని అమ్ముతారు, మా మరిది తెచ్చాడు. దానిలో సోడియం తగ్గించి పొటాషియం కలుపుతారు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకీ, టెల్మిసార్టాన్ లాంటి బీపీ బిళ్లలు వేసుకునేవాళ్లకీ ఒంట్లో పొటాషియం పేరుకుపోయే ప్రమాదముంది. డాక్టర్ని అడక్కుండా వాడొద్దు. మేం వాడలేదు.

దసరా ముందు

రెండోసారి వారం రాశాక సగటు 134/80. గీత లోపలికి వచ్చింది, అంచులో ఉంది. ఆ సంతోషంలో అత్తయ్య బిళ్ల ఇక సగం చేసుకుంటానన్నారు. వద్దని గట్టిగా చెప్పాను. బిళ్ల పనిచేస్తోంది కాబట్టే ఆ అంకె. ఈ మాట వీధిలో ఇంకో ఇద్దరితో కూడా చెప్పాల్సి వచ్చింది, బీపీ నార్మల్ అని రాగానే మందు ఆపేసేవాళ్లు అంతమంది ఉన్నారు. ఖర్చు గురించి ఆపేవాళ్లయితే, ఒడిశాలో సర్కారు ఆసుపత్రుల్లో నిరామయ పథకం కింద మందులు ఉచితంగా ఇస్తారు, అక్కడ ముందు అడగండి.

ఈ పేజీతో డాక్టరు గారి దగ్గరికి వెళ్లినప్పుడు మిషను కూడా సంచిలో పట్టుకెళ్లాను. డాక్టరు గారు చెవితో విని ఒకసారి, మా మిషనుతో ఒకసారి, మళ్లీ చెవితో, అలా మార్చి మార్చి అదే చేతికి చూశారు. తేడా 5 లోపలే. ఏడాదికోసారి ఇలా సరిచూసుకోమన్నారు. సాయంత్రాలు చీలమండలు వాస్తున్నాయని గమనిక గడిలో రెండు మూడు చోట్ల ఉంది, అది కూడా చూశారు. ఆమ్లోడిపిన్‌తో కొందరికి అలా వస్తుందట. ప్రస్తుతానికి తక్కువగానే ఉంది, పెరిగితే మందు మారుస్తామన్నారు.

మార్గశిరం, చలి

మహేంద్రగిరి వైపు నుంచి తెల్లవారుజామున చలి దిగుతోంది. మూడో వారం పేజీలో ఉదయం అంకెలు మళ్లీ 140 తాకాయి, సగటు 139/84. మోకాలి బిళ్ల లేదు, ఉప్పు పెరగలేదు, బిళ్ల మానలేదు. అత్తయ్య టెన్షన్ పడ్డారు. చలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి, చలికాలంలో బీపీ కొంచెం పెరగడం చాలామందిలో ఉండేదే. అయినా పెరిగింది పెరిగిందే, చలి కదా అని వదిలేయకూడదు. డాక్టరు గారు టెల్మిసార్టాన్ చిన్న మోతాదులో కలిపారు. కొన్ని వారాల తర్వాత క్రియాటినిన్, పొటాషియం పరీక్ష మళ్లీ చేయించమన్నారు.

రెండో మందు మొదలయ్యాక ఒక పూట పూజ గదిలో కింద నుంచి లేస్తూ కళ్లు తిరిగాయని గోడ పట్టుకున్నారు. ఆ సాయంత్రం కూర్చోబెట్టి చూశాం, నిలబెట్టి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్లీ చూశాం. నిలబడ్డాక పైది 20 గానీ, కిందిది 10 గానీ పడిపోతే డాక్టరుకు చెప్పాలి, పెద్దవాళ్లు పడిపోయి తుంటి విరగ్గొట్టుకునేది ఇలాంటప్పుడే. ఆమెకు పడింది 9. అయినా గమనికలో రాశాను. కింద పీట మీద కాకుండా ఎత్తు బల్ల మీద కూర్చుని పూజ చేసుకుంటున్నారు.

ఒకసారి మిషను తెర మీద గుండె బొమ్మ కూడా మిణుకుమంది, నాడి లయ తప్పిందని దాని అర్థం. చెయ్యి కదిలినా అలా రావచ్చు. మాటిమాటికీ వస్తే ఈసీజీ తీయించాలి. మళ్లీ రాలేదు.

గోడ మీద కాగితం

కుట్టుమిషను పైన ఒక కాగితం అతికించాను, నేను ఇంట్లో లేనప్పుడు ఎవరైనా చూసి చేయగలిగేలా. పైది 180 గానీ కిందిది 120 గానీ దాటితే కంగారుపడకుండా అయిదు నిమిషాలు కూర్చోబెట్టి మళ్లీ చూడాలి. అప్పుడూ అంతే ఉంటే, ఏ బాధా లేకపోయినా, అదే రోజు డాక్టరుకు ఫోను. దానితో పాటు ఛాతీ నొప్పి, ఆయాసం, మూతి వంకర, ఒక చెయ్యి లేవకపోవడం, మాట తడబడటం, చూపు మసకబారడం, వీటిలో ఏది ఉన్నా రెండోసారి చూడక్కర్లేదు, వెంటనే 108. ఇంట్లో ఉన్న బిళ్ల ఇంకోటి అదనంగా వేసెయ్యడం, నాలుక కింద ఏదో పెట్టడం అసలు చేయకూడదు. బీపీ ఒక్కసారిగా పడిపోతే మెదడుకు రక్తం అందదు.

నాలుగో వారం సగటు 129/78. ఇప్పుడు రోజూ చూడటం లేదు, రోజూ చూస్తే ఆమెకు అంకెల మీదే ధ్యాస పోతోంది. వారానికి ఒకటి రెండు రోజులు, డాక్టరు దగ్గరికి వెళ్లేముందు మాత్రం నిండుగా ఏడు రోజులు.

ఇక మామయ్య గారు. షాపులో ఎప్పుడు చూపించినా 130 లోపే, నాకేం లేదంటారు. కానీ రోజూ చుట్ట తాగుతారు, రాత్రి గురక, వాళ్ల నాన్నగారికి పక్షవాతం వచ్చింది. బయట బాగుండి ఇంట్లో ఎక్కువగా ఉండే రకమేమో చూడాలి. అత్తయ్య చెప్పగా చెప్పగా నిన్న ఒప్పుకున్నారు. చెయ్యి కొలిస్తే 29 సెంటీమీటర్లు, ఈ పట్టీయే సరిపోతుంది. నోటుబుక్కులో వెనక వైపు నుంచి ఆయన పేజీలు గీసి పెట్టాను. చుట్టకూ రీడింగ్‌కూ మధ్య అరగంట ఉండాలన్న షరతు మీద ఇంకా బేరం నడుస్తోంది, సోమవారం ఉదయం నుంచి మొదలు.